ఒకే నెగిటివుపై అనేక బింబాలు: తెలుగు చలనచిత్రాల్లో బహుళ ఛాయాగ్రహణం, మాయ, పాత్రాభినయం

వ్యాససంగ్రహం: కంప్యూటర్ సాయం లేని కాలంలో తెలుగు చలనచిత్రాల్లోని మాయాదృశ్యాలను ఒక్క ఛాయాగ్రాహకుని ప్రతిభగా చెప్పుకోవడం పరిపాటి. ఒకే నెగిటివుపై పలుమార్లు చిత్రీకరించే పద్ధతిలో ప్రతి కొత్త ఎక్స్‌పోజర్ అంతకుముందు చేసిన పనినంతటినీ పణంగా పెట్టేది. ఆ భయమే కథారచనను, నటనను, రంగాలంకరణను సైతం నియంత్రించిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మాయాబజార్ (1957), సీతారామ కల్యాణం (1961), రాముడు భీముడు (1964) చిత్రాలు ఇందుకు ప్రధానాధారాలు.

కీలకపదాలు: డబుల్ ఎక్స్‌పోజర్, మాస్క్ షాట్, ట్రిక్ ఫోటోగ్రఫీ, ద్విపాత్రాభినయం, మార్కస్ బార్ట్లే, రవికాంత్ నగాయిచ్, తెనాలి

తెనాలి మండలం, మద్రాసు స్టూడియో

గుంటూరు–తెనాలి రైలుమార్గంలోని సంగం జాగర్లమూడి, తెనాలి పట్టణంలో కలిసివున్న ఐతానగర్, ఆ చేరువలోని బుర్రిపాలెం మూడూ తెనాలి మండలానికి చెందినవే. ఐతానగర్‌లో పుట్టిన ఆలూరి వెంకట సుబ్బారావు చక్రపాణి అన్న పేరుతో ప్రసిద్ధులై, బి. నాగిరెడ్డితో కలిసి మాయాబజార్‌ను నిర్మించారు. ఆ చిత్రంలో బలరామునిగా నటించిన గుమ్మడి వెంకటేశ్వరరావు తెనాలికి సమీపంలోని రావికంపాడు వారు. శశిరేఖగా నటించిన సావిత్రి నాటి గుంటూరు జిల్లాలోనే చిర్రావూరులో పుట్టారు. బుర్రిపాలెం నుంచి వచ్చిన కృష్ణ తరువాతి తరంలో త్రిపాత్రాభినయానికి పర్యాయపదంగా నిలిచారు.

ఇంతమంది ఒకే ప్రాంతం వారైనంత మాత్రాన తెలుగు ట్రిక్ ఫోటోగ్రఫీ కృష్ణా పశ్చిమ డెల్టాలో పుట్టిందనడం సాహసమవుతుంది. పని జరిగినది మద్రాసులో, వాహినీ స్టూడియో అంతస్తుల మీద. కెమెరా పట్టినవారిలో ముఖ్యులైన మార్కస్ బార్ట్లే, రవికాంత్ నగాయిచ్ ఇద్దరూ తెలుగువారు కారు. ఊరి పేర్లను బట్టి చేయగలిగిన ప్రతిపాదన మరొకటి ఉన్నది. కెమెరాలో జరిగిన మాయలో కెమెరా పట్టనివారి వాటా ఎంత అన్న ప్రశ్న వేసుకుంటే నిర్మాత, రచయిత, నటి, కళాదర్శకుడు ఒక్కొక్కరుగా ముందుకు వస్తారు. తెనాలి ప్రాంతం వారు ఈ చరిత్రలోకి ప్రవేశించేది ఆ ద్వారం గుండానే.

ఒకే చిత్రంలో అనేక చిత్రాలను కలపడం సినిమాకంటె పాతది. ఆస్కార్ రేలాండర్ 1857లో ముప్పైకి పైగా నెగిటివులను కలిపి ఒక పెద్ద ముద్రణను సిద్ధం చేశారు. మరుసటి ఏడు హెన్రీ పీచ్ రాబిన్సన్ అయిదు నెగిటివులతో ఒక మరణశయ్యాదృశ్యాన్ని కూర్చారు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ దీనికి తలకిందుల పని చేశారు. పరుగెత్తే గుర్రం దారి పొడుగునా కెమెరాలను వరుసగా నిలిపి, ఒక చలనాన్ని అనేక చిత్రాలుగా విడగొట్టారు. అనేకాన్ని ఒకటిగా కలపడం, ఒకదానిని అనేకంగా విడగొట్టడం అనే ఈ రెండు మార్గాలూ సినిమాలో వచ్చి కలిశాయి. ఫ్రాన్సులో జార్జ్ మెలియస్ 1900 నాటికే ఒక చిత్రంలో తననే ఏడుగురు వాద్యకారులుగా చూపించారు. ఫిల్మును వెనక్కు తిప్పి మళ్ళీ మళ్ళీ చిత్రీకరించడమే అక్కడి కిటుకు.

మనదేశంలో దాదాసాహెబ్ ఫాల్కే సినిమాకు రాకముందు ఛాయాగ్రహణ వృత్తిలో ఉన్నవారు. ఆయన తీసిన లంకాదహన్‌లో (1917) అన్నా సాలుంకే రాముడిగానూ సీతగానూ నటించారు. తెలుగు సినిమాకు ఆద్యులుగా గౌరవింపబడే రఘుపతి వెంకయ్య సైతం మద్రాసులో ఫోటో స్టూడియో నడిపి, 1910 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్‌తో ప్రదర్శనలు మొదలుపెట్టినవారే. చలనచిత్ర ఛాయాగ్రహణం నిశ్చల ఛాయాగ్రహణపు చీకటిగది నుంచే బయలుదేరిందన్న సంగతి మన సాహిత్య, సినిమా చరిత్రల్లో పొందవలసినంత చోటు పొందలేదు.

రంగస్థలం చేసిన మేలు కూడా గుర్తించదగినది. 1885లో మొదలైన సురభి నాటక సమాజాలు మాయాబజార్ నాటకాన్ని తీగలతో, తెరలతో, క్షణంలో మారే రంగాలతో ఊరూరా ఆడాయి. శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేని కథ. అయినా తెలుగు ప్రేక్షకునికి అందులో ఎక్కడ మాయ జరగాలో ముందే తెలుసు. 1936లో పి.వి. దాస్ దర్శకత్వంలో అదే కథ టాకీగా వచ్చింది. కనుక 1957 నాటి ఛాయాగ్రాహకుడు కొత్త మాయను పరిచయం చేయలేదు. రంగస్థలం మీద తీగ కనబడుతుందేమోనని కళ్ళు చిట్లించుకొని చూడటానికి అలవాటుపడిన ప్రేక్షకుని ముందు పరీక్షకు నిలిచాడు.

నెగిటివు లెక్కలు

బహుళ ఎక్స్‌పోజర్ అంటే ఫిల్ములోని ఒకే గడిపై ఒకటికంటె ఎక్కువసార్లు వెలుగు పడనివ్వడం. ఇందులో రెండు పద్ధతులను వేరుచేసి చూడాలి. మొదటిది అధ్యారోపం, అంటే ఒక బింబంపై మరొక బింబం పూర్తిగా పరచడం. ఫిల్ము వెలుగును కూడబెట్టుకుంటుంది. కనుక రెండు బింబాలను సమానంగా పరచాలంటే ఒక్కొక్కదానికి సగం వెలుగే ఇవ్వాలి, నాలుగు బింబాలైతే నాలుగోవంతు. ఈ పద్ధతిలో ఏ బింబమూ గట్టిగా నిలవదు, ఒకదాని గుండా మరొకటి కనబడుతుంది. దయ్యాలకు, కలలకు, ఆత్మలకు అది చక్కగా సరిపోయింది. తెలుగు సినిమాలో మరణించిన పాత్ర దేహం నుంచి మరో పలుచని దేహం లేచి నడిచిపోయే దృశ్యాలు ఈ కోవలోనివి.

రెండవది మాస్కింగ్. కటకం ముందు నల్లని అడ్డు పెట్టి గడిలో ఒక భాగాన్ని మూసి, మిగిలిన భాగాన్ని మాత్రమే చిత్రీకరిస్తారు. ఫిల్మును వెనక్కు తిప్పి, అడ్డును రెండోవైపుకు మార్చి, ఇంతకుముందు మూసిన భాగాన్ని చిత్రీకరిస్తారు. ప్రతి భాగానికీ పూర్తి వెలుగు దక్కుతుంది కనుక ఇద్దరు మనుషులూ నిండుగా, గట్టిగా కనబడతారు. ద్విపాత్రాభినయానికి పనికివచ్చేది ఇదే. నల్ల వెల్వెట్ నేపథ్యం ముందు నటుణ్ణి నిలపడం ఈ రెంటికీ నడుమ ఉన్న దారి. నలుపు వెలుగును తిప్పికొట్టదు కాబట్టి నటుని చుట్టూ ఉన్న గడి ముట్టుకోనట్టే మిగిలిపోయి, తరువాతి బింబానికి ఖాళీగా ఉంటుంది.

డిజాల్వ్ సైతం అధ్యారోపంలోని ఒక రకమే. కెమెరాలోనే డిజాల్వ్ చేయాలంటే మొదటి దృశ్యం చివర 48 గడుల మేర, అంటే రెండు సెకన్లపాటు, షట్టరును క్రమంగా మూయాలి. అవే 48 గడులు వెనక్కు తిప్పి, రెండో దృశ్యానికి అదే వేగంతో తెరవాలి. ఒక రూపం కరిగి మరొక రూపం రావడం ప్రేక్షకునికి రెండు సెకన్ల అద్భుతం. ఆ రెండు సెకన్ల కోసం సెట్టులోని ప్రతి వస్తువూ గంటల తరబడి కదలకుండా ఉండాలి.

ఇవన్నీ అసలు నెగిటివు మీద జరుగుతాయన్నది ఇక్కడ మరువరాని విషయం. హాలీవుడ్‌లో 1940ల నాటికి లిన్‌వుడ్ డన్ వంటివారు ఆప్టికల్ ప్రింటరును బాగా అభివృద్ధి చేశారు. అందులో ఒక్కొక్క బింబాన్ని విడిగా తీసి, తరువాత ప్రయోగశాలలో కలుపుతారు. తప్పు జరిగితే కలపడం మళ్ళీ మొదలుపెట్టవచ్చు, నటుణ్ణి మళ్ళీ పిలవనక్కరలేదు. అయితే నకలు తీసిన ప్రతిసారీ బింబం గరుకుబారి, పదును తగ్గుతుంది. కెమెరాలోనే చేసే పద్ధతిలో బింబం శుభ్రంగా ఉంటుంది, తప్పుకు మాత్రం క్షమ లేదు. శుభ్రతకు చెల్లించిన మూల్యం ఆ ప్రమాదమే.

ప్రమాదం ఎంతటిదో చిన్న లెక్కతో తెలుస్తుంది. 35 మి.మీ. ఫిల్ములో అడుగుకు 16 గడులు, సెకనుకు 24 గడులు. ముప్పై సెకన్ల షాటుకు 720 గడులు, అంటే 45 అడుగులు. అదే షాటును పదిసార్లు ఎక్స్‌పోజ్ చేయాలంటే ఆ 45 అడుగుల ముక్క పదిసార్లు ముందుకు, తొమ్మిదిసార్లు వెనక్కు నడిచి మొత్తం 855 అడుగులు ప్రయాణించాలి. ప్రతిసారీ మొదటి గడి దగ్గరే ఆగాలి. పది ప్రయత్నాల్లో ఒకటి చెడుతుందనుకుంటే, రెండు ఎక్స్‌పోజర్ల షాటు సఫలమయ్యే అవకాశం నూటికి 81. పది ఎక్స్‌పోజర్ల షాటుకు అది నూటికి 35 మాత్రమే. పదోసారి నటుని కనురెప్ప తప్పుగా వాలినా ముందరి తొమ్మిదీ దానితోపాటే పోతాయి. ఆ సంగతి కూడా వెంటనే తెలియదు. నెగిటివు రసాయనంలో తేలినప్పుడే తెలుస్తుంది. అప్పటికి సెట్టు విప్పివేసి ఉండవచ్చు.

దీనికి ముడి ఫిల్ము కొరత తోడయింది. రెండో ప్రపంచయుద్ధకాలంలో ముడి ఫిల్ము ప్రభుత్వ నియంత్రణ కిందికి వెళ్ళింది. స్వాతంత్ర్యానంతరమూ చాలాకాలం దిగుమతుల మీదనే ఆధారపడవలసివచ్చింది. ఉదకమండలంలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ సంస్థ 1960లో గాని ఏర్పడలేదు. అందువల్ల చెడిన షాటు నిర్మాతకు ఖర్చు మాత్రమే కాదు, దొరకని సరుకు వృథా కావడం కూడా.

పది తలలు

ఈ లెక్క కాగితానికి పరిమితమైనది కాదనడానికి సీతారామ కల్యాణం సాక్ష్యం. 1961 జనవరిలో విడుదలైన ఈ చిత్రానికి ఎన్.టి. రామారావు దర్శకత్వం వహించి, రావణునిగా నటించారు. రవికాంత్ నగాయిచ్ ఛాయాగ్రాహకునిగా తెలుగు ప్రేక్షకుల దృష్టిలో పడినది దీనితోనే. దశకంఠుణ్ణి నిజంగా పది ముఖాలతో చూపడానికి ఆయన గడిని భాగాలుగా పంచి, ఒక్కొక్క శిరస్సుకు ఒక్కొక్క భాగాన్ని తెరచి, మిగిలినవాటిని మూసి, ఫిల్మును మళ్ళీ మళ్ళీ వెనక్కు తిప్పుతూ చిత్రీకరించారని సినిమా చరిత్రకారులు చెప్తారు.

రంగస్థల రావణునికి పది తలలంటే భుజాల మీద కట్టుకునే అట్టముఖాల వరుస. నడిమి ముఖం ఒక్కటే ప్రాణంతో ఉంటుంది, మిగిలినవి అలంకారాలు. కెమెరా ఆ తొమ్మిదింటికీ ప్రాణం పోసింది. అందుకు ప్రతిగా నటుని దేహం నుంచి చలనాన్ని తీసుకుంది. భుజం అంగుళం కదిలినా మెడకూ తలకూ మధ్య అతుకు బయటపడుతుంది. శౌర్యానికి, భీకర గమనానికి పేరుపడిన పాత్ర ఆ దృశ్యంలో శిలాప్రతిమవలె కూర్చోవలసివచ్చింది. పౌరాణిక చిత్రాల్లో దేవతలు, రాక్షసులు విశ్వరూపం చూపేటప్పుడు స్థాణువులై నిలబడటాన్ని విమర్శకులు చిత్రపటాల, క్యాలెండర్ బొమ్మల ప్రభావంగా వ్యాఖ్యానిస్తూ వచ్చారు. ఆ ప్రభావాన్ని కాదనలేము. అయితే అంతకంటె దగ్గర కారణం మాస్కు అంచు. కదలిక లేకపోవడం సౌందర్యసూత్రంగా కనబడటానికి ముందు సాంకేతిక నిర్బంధంగా ఉండినది.

మాయాబజార్‌లో ఏది మాయ?

మార్కస్ బార్ట్లే స్వర్గసీమ (1945), గుణసుందరి కథ (1949), పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955) చిత్రాలకు ఛాయాగ్రాహకుడు. కె.వి. రెడ్డి దర్శకత్వంలో 1957 మార్చి 27న విడుదలైన మాయాబజార్ ఆయన కీర్తికి శిఖరం. ఆ కీర్తిలో కొంత గందరగోళమూ ఉన్నది. ‘లాహిరి లాహిరి లాహిరిలో’ పాటలోని వెన్నెలను, ‘వివాహ భోజనంబు’ పాటలో గాలిలో ఎగిరివచ్చి నోట్లో పడే లడ్డూలను, ఘటోత్కచుడు మాయాశశిరేఖగా మారడాన్ని ఒకే గంపలో వేసి ట్రిక్ ఫోటోగ్రఫీ అంటున్నారు. ఇవి మూడు వేర్వేరు విద్యలు. వెన్నెల దీపాల అమరికకు సంబంధించిన ఘనత. లడ్డూలు కెమెరా ముందు వస్తువులను కదిలించే నేర్పు. మూడవది ఒక్కటే రెండు బింబాలను ఒకచోట చేర్చే పని.

ఈ విభజన పాటించి చూస్తే ఆశ్చర్యకరమైన విషయం ఒకటి కనిపిస్తుంది. ఇంతటి మాయాచిత్రంలో ఒకే నటిని ఒకే గడిలో రెండుసార్లు చూపవలసిన అవసరాన్ని కథే తప్పించింది. నిద్రిస్తున్న శశిరేఖను ద్వారక నుంచి ఘటోత్కచుని ఆశ్రమానికి చేర్చిన తరువాతనే మాయాశశిరేఖ అంతఃపురంలో తిరగడం మొదలుపెడుతుంది. అసలు ఒకచోట, మాయ ఇంకొకచోట. ఇద్దరు శశిరేఖలు ఎదురుపడి మాట్లాడుకునే ఘట్టాన్ని ఊహించడం కష్టమేమీ కాదు, తరువాతి కాలపు సినిమా అయితే దానిని వదిలేదీ కాదు. పింగళి నాగేంద్రరావు, కె.వి. రెడ్డి కూర్చిన కథనం ఆ ప్రలోభానికి లొంగలేదు. చిత్రీకరణకు ముందే అన్నీ లెక్కకట్టుకునే దర్శకునిగా కె.వి. రెడ్డికి ఉన్న పేరు ఇక్కడ గుర్తుంచుకోదగినది.

కెమెరా చేయని ఆ పనిని సావిత్రి చేశారు. మాయాశశిరేఖ ఒంటరిగా ఉన్నప్పుడు చేతులు బారచాపి, కండలు పొంగించి, ఘటోత్కచుని ధోరణిలోకి జారిపోతుంది. అలికిడి కాగానే సిగ్గు తెచ్చుకొని కన్యగా ఒదిగిపోతుంది. ఎస్.వి. రంగారావు ఆ గడిలో లేరు. అయినా ప్రేక్షకుడు సావిత్రి దేహం మీద ఆయన దేహాన్ని స్పష్టంగా చూస్తాడు. సాంకేతికార్థంలో ఒక్క ఎక్స్‌పోజరే గాని, చూపులో నిలిచేవి రెండు బింబాలు. తెలుగు సినిమా తీసిన అత్యుత్తమ డబుల్ ఎక్స్‌పోజర్ ఇదేనంటే అతిశయోక్తి అనిపించవచ్చు. కాని రూపం మారే క్షణంలోని డిజాల్వ్ రెండు సెకన్లలో ముగుస్తుంది. ఆ తరువాత మాయను గంటసేపు నిలబెట్టినది అభినయమే. బార్ట్లే పని సావిత్రికి ప్రారంభం ఇచ్చింది, అంతవరకే.

ప్రియదర్శిని పెట్టె మరొక రకం ఉదాహరణ. తెరిచి చూసినవారికి వారి మనసుకు ప్రియమైనది అందులో కనబడుతుంది. శశిరేఖకు అభిమన్యుడు, కృష్ణునికి శకుని. గడిలో గడి, బింబంలో బింబం. ఇక్కడ అతుకును దాచడానికి స్తంభమో గోడో వెదుక్కోనక్కరలేదు. పెట్టె చట్రమే అతుకు. పరికరాన్ని కథావస్తువుగా మార్చి, సాంకేతికపు సరిహద్దును అందరి కళ్ళముందూ పెట్టడం తెలివైన ఏర్పాటు. మాధవపెద్ది గోఖలే, కళాధర్ వంటి కళాదర్శకుల పని ఛాయాగ్రహణంలో ఎంత లోతుగా కలిసిపోయిందో ఇటువంటి చోట్ల బోధపడుతుంది. పెళ్ళిపీటల మీద లక్ష్మణకుమారుడైన రేలంగికి మాత్రమే వధువు భయంకరంగా కనబడే ఘట్టంలో మాయ అంతా చూపుల కోతలో ఉంది. ఆయన చూస్తే ఒక రూపం, పక్కవారు చూస్తే మరొక రూపం. అధ్యారోపం అక్కరలేదు, కత్తెర చాలు.

మాయాబజార్ తమిళంలోనూ తయారయింది. అందులో అభిమన్యుడు అక్కినేని కాదు, జెమినీ గణేశన్. కనుక అభిమన్యుడున్న దృశ్యాలకు రెండేసి రూపాలు. ఒకే సినిమాను రెండుసార్లు తీయవలసిన ఈ ద్విభాషా పద్ధతి కూడా కథకులను అనవసరమైన ప్రమాదాల నుంచి దూరంగా ఉంచి ఉంటుందనుకోవడం సమంజసం.

రాముడు, భీముడు, ఒక స్తంభం

ద్విపాత్రాభినయంలో పాత్రల సంఖ్యను బట్టి సాంకేతిక ఘనతను కొలవడం వాడుకలో ఉన్న పొరపాటు. తాతినేని రామారావు దర్శకత్వంలోని నవరాత్రిలో (1966) అక్కినేని నాగేశ్వరరావు తొమ్మిది పాత్రలు ధరించారు. కాని కథానాయిక ఒక్కొక్క రాత్రి ఒక్కొక్క పురుషుని చేరువకు వెళ్ళడం కథ గనుక ఆ పురుషులు ఒకరినొకరు చూడవలసిన అగత్యం చాలావరకు లేదు. అది ప్రధానంగా వేషధారణకు, వాచికానికి పరీక్ష. కొలవవలసినది ఒకే గడిలో ఎన్నిసార్లు కనబడ్డారన్నది. ఆ లెక్కన ఇద్దరు ఎదురుపడే రెండు పాత్రలు, ఎదురుపడని తొమ్మిది పాత్రలకంటె కష్టం.

తాపీ చాణక్య 1964లో తీసిన రాముడు భీముడు ఈ కష్టాన్ని ఎలా పొదుపుగా వాడుకోవచ్చో చూపిన చిత్రం. నిర్మాత డి. రామానాయుడు, రచన డి.వి. నరసరాజు, ఛాయాగ్రహణం మళ్ళీ రవికాంత్ నగాయిచ్. పిరికివాడైన రాముడు, మొండివాడైన భీముడు చోట్లు మార్చుకుంటారు. చోట్లు మారడం అంటేనే ఒకరున్నచోట ఇంకొకరు లేకపోవడం. కథాసూత్రమే కెమెరాకు విశ్రాంతినిచ్చింది. ఇద్దరూ కలిసే ఘట్టాలు కొద్ది. వాటిలోనూ అధికభాగం భుజం వెనుక నుంచి తీసిన షాట్లే. అందులో వీపు మాత్రం కనబడే మనిషి వేరొకరు. పోలికలున్న కారణంగా కైకాల సత్యనారాయణ రామారావుకు డూప్‌గా పనిచేసిన సంగతి సినీలోకానికి తెలిసినదే.

మరి మాస్క్ షాట్ ఎందుకు? నిదర్శనం కోసం. ఇద్దరు రామారావులు ఒక్కసారి నిండుగా పక్కపక్కన కనబడితే చాలు, ఆ తరువాత వీపును చూపినా ప్రేక్షకుడు అది రామారావేనని నమ్ముతాడు. ఒకటి రెండు మాస్క్ షాట్లు పదుల కొలది డూప్ షాట్లకు హామీపత్రంగా పనిచేస్తాయి. ఇదే కథను చాణక్య తమిళంలో ఎంగ వీట్టు పిళ్ళైగా (1965), హిందీలో రామ్ ఔర్ శ్యామ్‌గా (1967) తీశారు. నటులు మారారు, పొదుపు సూత్రం మారలేదు.

మాస్క్ షాటులో నటునికి ఎదురయ్యే ఇబ్బంది మరొకటి. ఎదుట ఎవరూ ఉండరు. ఖాళీ చోటును సరైన ఎత్తులో చూస్తూ, అవతలివాని మాట పట్టేంత విరామం ఇచ్చి, ఇంకా పుట్టని జవాబుకు స్పందించాలి. రెండోసారి వేషం మార్చుకొని వచ్చి తన మొదటి విరామాలలో తానే ఇమడాలి. ఈ మధ్యలో దీపాల తీవ్రత మారకూడదు, కెమెరా కాళ్ళకు ఎవరూ తగలకూడదు. ఆరుబయట సూర్యుడు ఆగడు గనుక నీడలు జరిగిపోతాయి. అందువల్లనే కవలలు తరచుగా ఇంట్లోనే, ఏ స్తంభానికో తలుపుకో అటూ ఇటూ నిలబడి కలుసుకుంటారు.

కృష్ణ నటజీవితం ఈ పద్ధతి యంత్రాంగంగా స్థిరపడిన కాలానికి చెందినది. కుమార రాజా (1978), విజయనిర్మల దర్శకత్వం వహించిన డాక్టర్ సినీ యాక్టర్ (1982) మొదలైన చిత్రాల్లో ఆయన మూడేసి పాత్రలు పోషించారు. రామారావు సైతం దానవీరశూరకర్ణలో (1977) కర్ణ, దుర్యోధన, కృష్ణులుగా మూడు, శ్రీమద్విరాటపర్వంలో (1979) అయిదు పాత్రలు ధరించారు. మూడో మనిషి రాగానే గడికి రెండు అతుకులు కావాలి. నడిమి పాత్ర రెండువైపులా కంచెల మధ్య నిలబడినట్టే. ఈ కాలపు త్రిపాత్ర చిత్రాల్లో ముగ్గురూ ఒకచోట చేరే దృశ్యం చివరి రీలుకు వాయిదా పడటం కథానిర్మాణంలో ఒక ఆచారంగా మారింది. పాతిక, ముప్పై చిత్రాలను వరుసగా చూసి ఆ ఆచారాన్ని పరిశీలించడానికి పరిశోధకులకు అవకాశం ఉన్నది. కృష్ణ స్వయంగా దర్శకత్వం వహించి రెండు పాత్రలు పోషించిన సింహాసనం (1986) తొలి తెలుగు 70 మి.మీ. చిత్రం. అంత పెద్ద తెరపై అతుకులు దాచడం మరింత కష్టమని వేరుగా చెప్పనక్కరలేదు.

కృష్ణ తొలినాటి విజయాల్లో ఒకటైన గూఢచారి 116 (1966) హిందీలో ఫర్జ్‌గా (1967) వచ్చినప్పుడు దర్శకుడు రవికాంత్ నగాయిచ్. పది తలలను ఒక గడిలో ఇమిడ్చిన ఛాయాగ్రాహకుడు దర్శకుడై బొంబాయి చేరుకున్నారు. ఆయన చేతిపని మెళకువలు ఏ పాఠ్యపుస్తకంలోనూ చేరలేదు.

అతుకును చదవడం

కెమెరాలోనే పూర్తిచేసిన బహుళ ఎక్స్‌పోజర్లకు చరిత్రకారుని దృష్టిలో ఒక పెద్ద లోపం ఉంది. ఆప్టికల్ ప్రింటరు పద్ధతిలో మూలాంశాలు విడివిడిగా మిగలవచ్చు. కెమెరా పద్ధతిలో మిగిలేది అన్నీ కలిసిపోయిన ఒకే నెగిటివు. ఎన్నిసార్లు ప్రయత్నించారు, ఏది చెడింది, మాస్కును ఎవరు కత్తిరించారు, గడుల లెక్క ఎవరు రాసుకున్నారు అన్న వివరాలు ఆ నెగిటివులో ఉండవు. వాటి స్థానాన్ని జ్ఞాపకాలు, పత్రికాకథనాలు ఆక్రమించాయి. అవి సహజంగానే ఒక్క మాంత్రికుణ్ణి వెదుకుతాయి. ఒకే దృశ్యానికి మూడు రకాల వివరణలు ప్రచారంలో ఉండటానికీ, ప్రతి వివరణా ఒక్కరినే కీర్తించడానికీ కారణమిదే.

అయితే గడి పూర్తిగా మూగది కాదు. అంతవరకు కదులుతున్న కెమెరా హఠాత్తుగా బిగుసుకుపోతే, ఆ షాటులో నిటారుగా ఏదో ఒక గీత, స్తంభమో వాకిలి అంచో చెట్టు మానో, నడుమ నిలిస్తే, నటుల చేతులు గాని నీడలు గాని ఆ గీతను దాటకపోతే అది మాస్క్ షాటుగా అనుమానించవచ్చు. గీతకు రెండువైపులా చిత్రం వేర్వేరుగా సన్నగా వణుకుతుంటే అనుమానం బలపడుతుంది. ఎక్స్‌పోజరుకూ ఎక్స్‌పోజరుకూ మధ్య ఫిల్ము గేటులో వెంట్రుకవాసి తేడాతో కూర్చున్నదని దాని అర్థం. ప్రతి గడినీ పిన్నులతో పట్టి ఒకేచోట నిలిపే మిచెల్ వంటి కెమెరాలకు ట్రిక్ పనిలో గిరాకీ అందువల్లనే. దృశ్యం మొదలయ్యేముందు బింబం ఒక్కసారిగా గరుకెక్కితే అది ఆప్టికల్ ప్రింటరు జాడ. గరుకు లేకపోతే పని కెమెరాలోనే జరిగి ఉంటుంది. ఇద్దరు కవలలు కౌగిలించుకుంటే ఒకరు డూప్ కావడమే ఎక్కువ సంభావ్యం. ఈ పరిశీలనకు మంచి ప్రింటు కావాలి. టెలివిజన్‌కోసం కుదించి, పలుమార్లు నకలెత్తిన ప్రతులలో గరుకుదనమంతా ఒకేరీతిన ఉండి, సాక్ష్యం చెరిగిపోతుంది.

జ్ఞానం చేతి నుంచి చేతికి వెళ్ళిన దారులు కొన్ని మాత్రం స్పష్టంగా ఉన్నాయి. మాయాబజార్‌కు కె.వి. రెడ్డి దగ్గర సహాయకునిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 1990లో మైకేల్ మదన కామరాజన్ తీశారు. కమల్‌హాసన్ నాలుగు పాత్రలు పోషించిన ఆ చిత్రంలో, గురువు తెలివిగా తప్పించిన పనినే శిష్యుడు కోరి నెత్తికెత్తుకున్నారు. నలుగురూ ఒకే ఇంట్లో ఢీకొంటారు. మధ్యలో గడిచిన మూడు దశాబ్దాల్లో సాంకేతికం ప్రమాదాన్ని తగ్గించింది. ఆ మేరకు కథకులు ధైర్యాన్ని పెంచుకున్నారు.

2010 జనవరి 30న మాయాబజార్ రంగుల్లో విడుదలైంది. నలుపు తెలుపు బింబానికి కంప్యూటర్ ద్వారా రంగులు వేసిన ఆ ప్రతిలో ఘటోత్కచుడు శశిరేఖగా కరిగే గడులకు వచ్చేసరికి చిక్కు ఏర్పడుతుంది. 1957 నాటి ఆ గడుల్లో రాక్షసుని ఛాతీ, కన్య పయ్యెద ఒకే వెండి రేణువుల మీద కలిసి ఉన్నాయి. ఏ రేణువు ఎవరిదో విడదీయడానికి నెగిటివు ఒప్పుకోదు. రంగులు వేసినవారు ఆ కొద్ది గడుల్లో ఏ చోటుకు ఏ రంగు ఎంచుకున్నారో నలుపు తెలుపు ప్రతి పక్కన పెట్టుకొని గడి తరువాత గడిగా పోల్చి చూడవచ్చు.